గో 1.22 లూప్ వేరియబుల్: చాన్నాళ్లు వాడాక నా మాట

గో ప్రోగ్రామింగ్ భాష 1.22 వెర్షన్ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మిగతా కొత్తదనాల గురించి అందరూ రాసేశారు. నాకు పట్టింది ఒక్కటే: ఫర్ లూప్ వేరియబుల్ ఇప్పుడు ప్రతి చుట్టుకూ కొత్తగా పుడుతుంది, ఇదివరకు లూప్ అంతటికీ ఒక్కటే ఉండేది. ప్రతి చుట్టుకీ సొంత కాపీ కోసం ‘టీసీ := టీసీ’ (టీసీ అంటే టెస్ట్ కేస్) అని లూప్ మొదట్లో దండకంలా రాసే బాధ తప్పిందని తెగ సంబరపడ్డాను.

అసలు వింత మా బిల్లింగ్ కోడ్‌లో బయటపడింది. గో.మాడ్‌లో (మాడ్యూల్ సెట్టింగుల ఫైలు) గో వెర్షన్ లైను 1.22 చేశానంతే, ఏళ్ల తరబడి పాసవుతున్న టెస్టు ఫెయిలైంది. కోడ్‌లో అక్షరం మారలేదు. బైసెక్ట్ టూల్ నడిపితే తేడా ఏ లూప్ వల్లో లైను నంబరుతో సహా చూపించింది. అదొక టేబుల్ టెస్టు (కేసుల జాబితా మీద లూప్ తిరిగేది), కేసులన్నీ ఒకేసారి నడిచేలా టీ.ప్యారలల్‌తో నడుస్తాయి. ప్యారలల్ అనగానే సబ్‌టెస్టు ఆగిపోయి, లూప్ అంతా అయ్యాకే మళ్లీ లేస్తుంది. ‘టీసీ := టీసీ’ లేకపోతే పాత పద్ధతిలో అప్పటికి టీసీలో మిగిలేది ఆఖరి కేసే. పేర్లు ముందే ఇచ్చేస్తాం కాబట్టి ‘మామూలు బిల్లు’, ‘సున్నా బిల్లు’, ‘క్రెడిట్ నోట్’ (వెనక్కిచ్చే మైనస్ బిల్లు) అన్నీ పాసైనట్టే తెరమీద పడేవి. క్లాసులో అందరి పేర్లకీ ఒక్కడే ప్రాక్సీ పలికినట్టన్నమాట.

ఎవరి హాజరు వాళ్లు పలికేసరికి క్రెడిట్ నోట్ దొరికిపోయింది. రూపాయికి సర్దడానికి అర కలిపి ఇంట్‌గా (పూర్ణాంకంగా) మార్చే పాత చిట్కా ఉందక్కడ. 10.7కి 11 సరిగ్గానే వస్తుంది. మైనస్ 10.7కి మైనస్ 11 రావాలి, మైనస్ 10 వస్తోంది. 2020లో వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లను ఇరకాటంలో పెట్టిన బగ్ కూడా ఈ లూప్ వేరియబుల్ పుణ్యమే. కాబట్టి మాది చిన్న విషయమే లెండి.

సీ షార్ప్ భాష 2012లో జాబితా మీద తిరిగే ఫర్‌ఈచ్ ఒక్కటే మార్చి, మామూలు ఫర్‌ని వదిలేసింది. గో రెండింటినీ మార్చింది, అది నచ్చింది. కానీ అర్థాన్ని తేల్చేది గో.మాడ్‌లోని ఆ ఒక్క లైను. మా దగ్గర ఇంకా 1.20 దగ్గరే ఉన్న మాడ్యూల్ ఒకటుంది. కంపైలర్ కొత్తదైనా దానికి పాత పద్ధతే. ఇక్కడి లూప్ అక్కడ పేస్ట్ చేస్తే ప్రవర్తన మారిపోతుంది, కంపైలర్ కిక్కురుమనదు. అందుకే అక్కడ ‘టీసీ := టీసీ’ తీయలేదు. కొత్తగా చేరినవాళ్లు “ఇదెందుకన్నా?” అంటుంటారు. పైగా రోజులో సగం నాది పైథానే. అక్కడ లూప్‌లో రాసిన లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) ఈరోజుకీ చివరి విలువే చూస్తుంది, కాబట్టి పాత జాగ్రత్త వదలడానికి లేదు.

డిపెండెన్సీలు (బయటినుంచి తెచ్చుకున్న లైబ్రరీలు) వాటి వాటి గో.మాడ్ ప్రకారమే నడుస్తాయి గనక అటునుంచి భయం లేదు. మా మాడ్యూళ్లు తక్కువ, ఒక్కొక్కటిగా పెంచుకుంటున్నాం. టెస్టుల్లేని పాత కోడ్ గుట్టలుగా ఉన్నవాళ్లకు ఇదే సలహా ఇవ్వలేను. ప్యారలల్ టెస్టులు ఎక్కువుంటే మాత్రం రిలీజ్ వారంలో ఆ లైను ముట్టుకోకండి.