విశాఖలో నగర కబుర్లు: ఏ దారిన వచ్చినదాన్ని ఎంత నమ్మాలి

విశాఖలో కుళాయి ఎప్పుడు ఆగుతుంది, కరెంటు ఎప్పుడు తీస్తారు, రోడ్డు ఎప్పుడు తవ్వుతారు అన్న కబురు రావడానికి ఇవాళ చాలా దారులున్నాయి. పేపర్ల సిటీ పేజీలు, జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ) అధికారిక ప్రకటనలు, వార్డు సచివాలయం, టోల్‌ఫ్రీ నంబర్లు, రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ సేవ, వీటన్నిటికన్నా ముందు మోగే కాలనీ గ్రూపులు. అన్నీ ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, కబురుకు కొరత లేదు. వచ్చిన కబురు మన వీధికి వర్తిస్తుందా లేదా అన్నది తేల్చుకోవడమే కష్టం.

దానికి కారణం ఈ ఊరి పటాలే. గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి 2005లో గ్రేటర్ చేశారు. 2007 ఎన్నికల నాటికి 72 వార్డులు. 2021 మార్చి ఎన్నికల నాటికి అవి 98 అయ్యాయి. గోడల మీద, పాత రసీదుల మీద, కొన్ని కాలనీల బోర్డుల మీద పాత నంబరే ఉండిపోయింది. దానికి తోడు వార్డు సచివాలయానికి వేరే నంబరు. ఒక్కో వార్డులో ఒకటికి మించి సచివాలయాలు ఉంటే, జనం సచివాలయం నంబరునే వార్డు నంబరు అనుకుంటారు. నీళ్లు వార్డు హద్దు చూసుకుని పారవు, ట్యాంకును బట్టి వస్తాయి. కరెంటు ఫీడరును, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనును బట్టి వస్తుంది. పోలీసు స్టేషను పరిధి ఇంకొకటి. అన్నిటికన్నా తమాషా అనకాపల్లిది: పట్టణం జీవీఎంసీలో ఉంది, కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక వేరే జిల్లాకు కేంద్రమైంది. 'విశాఖ జిల్లాలో రేపు స్కూళ్లకు సెలవు' అన్న కబురు గాజువాకకు వర్తిస్తుంది, అనకాపల్లికి వర్తించదు. పన్ను కట్టేది మాత్రం ఇద్దరూ ఒకే కార్పొరేషన్‌కి.

కాబట్టి ఏ యాప్ మంచిది, ఏ పేపరు మంచిది అన్న చర్చకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫోన్ నోట్స్‌లో మన ఇంటికి సంబంధించిన ఆరు వివరాలు రాసి పెట్టుకోవాలి: 2021 తరువాతి వార్డు నంబరు, జోను, సచివాలయం పేరు, ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు, కరెంటు సర్వీసు నంబరుతో పాటు కరెంటు ఆఫీసు సెక్షను పేరు, నీళ్లు ఏ ట్యాంకు నుంచి వస్తాయన్నది. మొదటి నాలుగూ పన్ను డిమాండ్ నోటీసులోనో సచివాలయంలోనో దొరుకుతాయి. అయిదోది కరెంటు బిల్లు మీదే ఉంటుంది. ఆరోది మాత్రం ఏ వెబ్‌సైట్‌లోనూ వెతక్కండి. పొద్దున్నే వాల్వు తిప్పడానికి వచ్చే మనిషిని 'మన లైను ఏ ట్యాంకుదండీ, పైనుంచి ఏ నీళ్లు' అని అడిగితే ఒక్క మాటలో చెప్పేస్తాడు. ఈ ఆరూ చేతిలో ఉంటే వచ్చిన కబుర్లలో సగం చదవకుండానే వదిలేయొచ్చు.

ఇక నీళ్లు. మిగతా కబుర్లు ఆలస్యమైనా సర్దుకుంటాం, ఇది ఆలస్యమైతే ఇల్లు ఆగిపోతుంది. ఊరికి నీళ్లిచ్చేవి రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, గంభీరం జలాశయాలు, వీటితో పాటు ఏలేరు కాలువ. తాటిపూడి గోస్తని మీద, విజయనగరం జిల్లాలో ఉంది. ఏలేరు నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి వస్తాయి. కాలువకు ఎక్కడో గండి పడినా, పంప్‌హౌస్‌కి కరెంటు పోయినా ఇక్కడ కుళాయి ఆగుతుంది. అందుకే 'నగరంలో నీటి సరఫరాకు అంతరాయం' అన్న శీర్షిక చూసి కంగారు పడొద్దు. లోపల ఏ జలాశయం పేరుందో చూడాలి. తాటిపూడి లైను పగిలితే రైవాడ నీళ్లు తాగే వీధికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. జలాశయం పేరు, ప్రాంతాల జాబితా, మొదలయ్యే తేదీ, తిరిగి ఇచ్చే తేదీ, ఈ నాలుగూ ఉన్న ప్రకటనే పనికొచ్చే ప్రకటన. ఒక్కటి తగ్గినా అది సగం కబురే.

తిరిగి ఇచ్చే తేదీని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. మరమ్మతు పూర్తవడం వేరు, కుళాయిలో నీళ్లు రావడం వేరు. ఖాళీ అయిన పెద్ద పైపు ముందు నిండాలి, అందులో గాలి బయటికి పోవాలి, ట్యాంకు మట్టం పెరగాలి, ఆ తరువాతే వీధి వాల్వు తిప్పుతారు. పల్లంలో ఉన్నవాళ్లకు ముందు, లైను చివరివాళ్లకూ కొండవాలు ఇళ్లకూ ఆఖరున. ప్రకటనలో ఎల్లుండి ఉదయం అని ఉంటే, కొండవాలు వాళ్లు ఆ మర్నాటికి కూడా నీళ్లు దాచుకోవడం మేలు. మొదటి ధారలో పైపు అడుగున పేరుకున్న మడ్డి వస్తుంది. రంగు తేరేదాకా సంపు వాల్వు మూసి, బయటి కుళాయి వదలండి. నేరుగా లైనుకు మోటారు బిగించినవాళ్లు వీధిలో ఉంటే చివరి ఇళ్లకు ఆ రోజు గాలే వస్తుంది. దీని మీద ఫిర్యాదు చేయొచ్చు, చేయాలి కూడా.

కరెంటు కబురు ఇంత చిక్కుగా ఉండదు. ముందే అనుకుని చేసే నిలిపివేతలను కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ 11 కేవీ ఫీడరు పేరుతో, ప్రాంతాల పేర్లతో, గంటలతో ముందురోజే ఇస్తుంది. చెట్ల కొమ్మలు కొట్టడం, లైన్ల నిర్వహణ వంటి కారణం కూడా ఉంటుంది. పేపరు సిటీ పేజీలో కింద మూలన చిన్న డబ్బాలో వేస్తారు, దాన్ని వెతికి చదివే అలవాటు చేసుకోవాలి. అనుకోకుండా పోతే 1912. సర్వీసు నంబరు చెబితే చిరునామా వివరించే బాధ తప్పుతుంది.

కాలనీ వాట్సాప్ గ్రూపులకు వేగంలో సాటి లేదు. పైపు పగిలిన పావుగంటకే ఫొటో వచ్చేస్తుంది. నమ్మకంలో మాత్రం అట్టడుగున ఉంటాయి. వీటిలో పెద్ద లోపం అబద్ధం కాదు, తేదీ లేకపోవడం. 'రేపు నీళ్లు రావు' అని రాత్రి పదకొండుకు ఒకరు పెడతారు, పొద్దున ఏడుకు ఇంకో గ్రూపులోకి అది అలాగే వెళుతుంది. అక్కడి జనం ఇంకో రోజు బకెట్లు నింపుకుంటారు. గ్రూపు అడ్మిన్లు ఒకే ఒక్క నియమం పెట్టినా చాలు: తేదీ, వార్డు లేని ఫార్వర్డును తీసేయాలి. ఇచ్చిన అధికారి హోదా లేని ప్రకటన ఫొటోలను కూడా పక్కన పెట్టాలి.

తుపాను రోజుల్లో ఇదే లోపం భయంగా మారుతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది. ఆ అనుభవం ఉన్న ఊరు కాబట్టి 'పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక' అన్న మాటకే జనం సరుకులు కొనేస్తారు. నిజానికి 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాయుగుండం లేదా తుపాను గురించి ఓడలకిచ్చే సూచనలు. 3, 4 స్థానికంగా జాగ్రత్తకు. 5 నుంచి 7 దాకా ప్రమాదానికి, 8 నుంచి 10 దాకా మహా ప్రమాదానికి. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఇంట్లో ఉన్నవాళ్లు చూడాల్సింది పోర్టు నంబరు కాదు, విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ఇచ్చే బులెటిన్, జిల్లాకు ఇచ్చిన రంగు హెచ్చరిక. సెలవు ప్రకటించేది కలెక్టరు, కార్పొరేషన్ కాదు. పాత సెలవు ఉత్తర్వులు ప్రతి వర్షాకాలంలోనూ మళ్లీ తిరుగుతాయి. ఉత్తర్వు పైన ఉన్న తేదీనీ, కింద సంతకం చేసినవారి పేరునూ చూస్తే పది సెకన్లలో తేలిపోతుంది. జ్ఞానాపురం, చావులమదుం వైపు వెళ్లేవాళ్లు మాత్రం గట్టి వాన పడితే ఏ కబురు కోసమూ ఆగకుండా వేరే దారి చూసుకోవడమే మంచిది.

పేపరు దగ్గరికి వద్దాం. ఈ-పేపరులో మెయిన్ ఎడిషన్ తెరిస్తే నగర కబుర్లు దొరకవు, జిల్లాల జాబితాలో విశాఖ సిటీ పేజీలను విడిగా ఎంచుకోవాలి. సాయంత్రం తరువాత జరిగినది మర్నాటి పేపరుకు అందకపోవచ్చు, కాబట్టి పైపు పగిలిన కబురుకు పేపరు పనికిరాదు. కౌన్సిల్ సమావేశం, స్టాండింగ్ కమిటీ, బడ్జెట్, పన్నులు, టౌన్ ప్లానింగ్ వీటికి మాత్రం ఇప్పటికీ పేపరే దిక్కు. యూట్యూబ్‌లో వార్డు వార్తలు చెప్పే చానళ్లున్నాయి. శంకుస్థాపన పూలదండలు బాగా చూపిస్తాయి, అంతకు మించి ఆశించొద్దు.

పేపరు చదవడంలోనూ ఒక మెలకువ ఉంది. 'ఫలానా వీధికి సీసీ రోడ్డు, ఇన్ని లక్షలు మంజూరు' అని వస్తే అది ఏ మెట్టు మీద ఉందో చూడాలి. ముందు ఇంజినీర్లు అంచనా వేస్తారు. దానికి పరిపాలనా ఆమోదం కావాలి, మొత్తం పెద్దదైతే స్టాండింగ్ కమిటీకో కౌన్సిల్‌కో వెళుతుంది. తరువాత సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, వర్క్ ఆర్డరు. ఆ తరువాతే జేసీబీ. వార్తలు ఎక్కువగా ఆమోదం దగ్గరా, శంకుస్థాపన దగ్గరా వస్తాయి. మధ్యలో టెండరుకు ఎవరూ రాకపోతే పని అక్కడే ఆగుతుంది, అది వార్త కాదు. పాత బిల్లులు రాని కాంట్రాక్టరు కొత్త పనికి ముందుకు రాకపోవడం ఇందుకు మామూలు కారణం. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు నోటీసు కనబడిందా, వర్క్ ఆర్డరు ఇచ్చారా అని వార్డు ఇంజినీరింగ్ సిబ్బందిని అడగండి. 'రోడ్డు ఎప్పుడేస్తారు' అంటే 'త్వరలో' అంటారు. 'వర్క్ ఆర్డరు అయిందా, గడువు ఎన్ని నెలలు' అంటే సూటిగా జవాబు చెబుతారు.

కొత్త రోడ్డు అనగానే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఆ వీధిలో యూజీడీ (భూగర్భ మురుగు) లైను, నీటి పైపు వేయడం అయిపోయాయా? కాకపోతే వేసిన సిమెంటును మళ్లీ కోస్తారు. కోసిన చోట మట్టి గట్టిగా దిమ్మిస చేయకుండా పైపైన కప్పితే మొదటి వానకే కుంగుతుంది. తవ్వే పని నడుస్తున్నప్పుడే ఫొటోలు తీసిపెట్టుకుంటే తరువాత ఎవరిది బాధ్యతో వాదన ఉండదు.

ఫిర్యాదుకు జీవీఎంసీ టోల్‌ఫ్రీ 1800 4250 0009, రాష్ట్ర స్థాయిలో 1100, సోమవారాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఫోను చేసినా, నేరుగా వెళ్లినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా కదలొద్దు. ఫిర్యాదు ఫలించేదీ లేనిదీ రాసే తీరులో ఉంటుంది. 'మా వీధిలో లైట్లు వెలగడం లేదు' అని రాస్తే వెతకడానికే ఒక పూట పోతుంది. స్తంభం మీద రాసిన నంబరు, ఎదురిల్లు డోర్ నంబరు, ఒక్క లైటా వరసంతానా అన్నది రాయాలి. ఒక్కటే ఆరితే ఆ దీపంలోనో, దానికి కరెంటు సర్దే డ్రైవరు పరికరంలోనో లోపం. వరసంతా ఆరితే ఆ వరసను నడిపే కంట్రోల్ బాక్సులోనో కేబులులోనో లోపం, వచ్చే మనిషి వేరు, తెచ్చే సామాను వేరు. అలాగే వీధి కాలువలో పూడిక పారిశుధ్యం వాళ్ల పని, మ్యాన్‌హోల్ పొంగడం ఇంజినీరింగ్ వాళ్ల పని. రెండూ కలిపి ఒకే అర్జీలో రాస్తే ఒకటి చేసి అర్జీ మూసేసే వీలుంటుంది. ఒక సమస్యకు ఒక అర్జీ. జాతీయ రహదారి 16 మీద గుంతకు కార్పొరేషన్‌కి రాస్తే దాన్ని వేరే శాఖకు పంపడమే జరుగుతుంది, ముందే ఎవరి రోడ్డో చూసుకోండి. పని కాకుండానే 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వస్తే అదే నంబరు మీద, ఆ రోజు తేదీ పడిన ఫొటోతో తిరిగి తెరిపించాలి. కొత్త అర్జీ పెడితే పాత జాప్యం లెక్కలోంచి పోతుంది.

వార్డు సచివాలయాన్ని జనం సర్టిఫికెట్ల కేంద్రంగానే చూస్తారు. అక్కడ నగర కబురు తెలిసిన మనుషులు ముగ్గురు: సౌకర్యాల కార్యదర్శి నీళ్లు, రోడ్లు, లైట్లకు, పారిశుధ్య కార్యదర్శి చెత్తకు, ప్లానింగ్ కార్యదర్శి కట్టడాలకు. పొద్దున క్షేత్రంలో తిరుగుతారు, మధ్యాహ్నం తరువాత కుర్చీలో దొరికే అవకాశం ఎక్కువ. పక్కింటి కొత్త అంతస్తుకు ప్లాన్ ఉందా లేదా అన్నది మూడో మనిషి దగ్గరే తేలుతుంది.

పన్ను కబురు ఏడాదికి రెండు నెలలు చూస్తే చాలు. ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ. మార్చిలో బకాయిల వడ్డీ మీద ప్రభుత్వం ఏదైనా మాఫీ ఇచ్చిందేమో చూడాలి. అది ఏటా ఇస్తారని ధీమా పడొద్దు, నెలకు 2 శాతం వడ్డీ ఊరికే పెరుగుతుంది. 2021 నుంచి పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదు. నోటీసులో అంతకు మించి కనబడితే కొలతల్లోనో వాడకంలోనో మార్పు రాసి ఉంటారు, రివిజన్ (పన్ను పునఃపరిశీలన) అడగండి. మన మిత్ర నంబరు 9552300009లో పన్ను చూసుకోవడం, కట్టడం కౌంటరు క్యూ కన్నా సులువు. రసీదు పీడీఎఫ్‌ను అప్పటికప్పుడు దాచుకోవాలి, చాట్ చెరిపేస్తే మళ్లీ వెతుక్కోవాలి.

ఇన్ని దారుల్లోనూ జవాబు రాని ప్రశ్నకు సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. 'రోడ్డు ఎందుకు వేయలేదు' అని రాయొద్దు, కారణాలు చెప్పమంటే కాగితం లేదంటారు. ఫలానా పని అంచనా ప్రతి, ఒప్పందం ప్రతి, కొలతల పుస్తకంలో ఆ పని పేజీలు ఇవ్వమని అడగాలి. ఎన్ని మీటర్ల పొడవు, ఎంత మందం వేశారని బిల్లు చేశారో ఆ పేజీల్లో ఉంటుంది. టేపు తీసుకుని వీధిలోకి వెళ్లి కొలుచుకోవచ్చు.