చవక ఎస్‌ఎస్‌డీలతో జాగ్రత్త: పైన 2 టీబీ, లోపల 64 జీబీ కార్డు

లాప్‌టాప్ నిండిపోయి, ఫొటోలు దాచుకోవడానికి తక్కువ ధరలో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (బయట తగిలించుకునే వేగవంతమైన నిల్వ పరికరం) కోసం వెతుకుతున్నవారు, ముఖ్యంగా లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు, కొనే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. పెళ్లి ఫొటోలు తీయడం నా వృత్తి. ఒక ఆన్‌లైన్ దుకాణంలో 2 టీబీ (అంటే సుమారు 2,000 జీబీ) అని రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీని నేను 2,199 రూపాయలకు కొన్నాను. పేరున్న సరుకు అంతకు ఎన్నో రెట్లు పలుకుతుందని తెలియక కాదు. కింద ఉన్న స్టార్లను చూసి నమ్మాను.

తగిలించగానే కంప్యూటర్ కూడా 2 టీబీ అనే చూపించింది. రెండు పెళ్లిళ్ల రా ఫైళ్లను (కెమెరా నుంచి నేరుగా వచ్చే అసలు ఫైళ్లను), మొత్తం 6,300 ఫొటోలను, సుమారు 176 జీబీని, లైట్‌రూమ్‌లోని ఫోల్డర్స్ ప్యానెల్ నుంచే పట్టుకుని కొత్త డిస్క్ మీదికి లాగాను. అలా లాగితే ఫైళ్లు కాపీ కావు, మూవ్ అవుతాయి; అంటే పాత చోట ఇక మిగలవు. కెమెరా కార్డులను అప్పటికే ఫార్మాట్ చేసి వేరే పెళ్లికి వాడేశాను. ఇది నా తప్పే, దాచుకోను.

పది రోజుల తరువాత ఆల్బం పనికి కూర్చుంటే ప్రతి ఫొటో మూలన ఆశ్చర్యార్థకం గుర్తు, ఫోల్డర్ల మీద ప్రశ్నార్థకం కనిపించాయి. అసలు ఫైలు దొరకలేదని సాఫ్ట్‌వేర్ చెప్పే తీరు అది. చాలాసార్లు ఇది చిన్న విషయమే: లైట్‌రూమ్ కేటలాగ్‌లో ఫొటోలు ఉండవు, అవి ఎక్కడ ఉన్నాయన్న చిరునామా, మనం చేసిన ఎడిటింగ్ వివరాలు మాత్రమే ఉంటాయి కనుక, విండోస్ డ్రైవ్ అక్షరం మారినా, బయట ఫోల్డర్ పేరు మార్చినా ఆ చిరునామా తప్పుతుంది. నా విషయంలోనూ ముందుగా ఒక పెన్‌డ్రైవ్ తగిలించి ఉండటం వల్ల ‘ఇ’ డ్రైవ్ ‘ఎఫ్’ అయింది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్’ ద్వారా కొత్త చోటు చూపించగానే గుర్తులన్నీ పోయాయి. ఊపిరి పీల్చుకున్నాను.

అసలు దెబ్బ ఆ తరువాత తెలిసింది. ఫొటోలన్నీ చూసే లైబ్రరీ విభాగంలో జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్ని ఫొటోలూ నిండుగా కనిపిస్తున్నాయి. అప్పగింతల్లో పెళ్లికూతురు తండ్రి భుజం మీద తల వాల్చిన ఫొటోను ఎడిటింగ్ చేసే డెవలప్ విభాగంలో తెరిస్తే మాత్రం ఫైలు పాడైందన్న సందేశం వచ్చింది. లైబ్రరీలో కనిపించేవి లైట్‌రూమ్ ముందే తయారు చేసి లాప్‌టాప్‌లో దాచుకున్న ప్రివ్యూలు; వాటిని చూసి ఒరిజినల్స్ క్షేమంగా ఉన్నాయనుకోవడం ఎంత పొరపాటో నాకు అప్పుడే అర్థమైంది. ఫైలు దొరకకపోవడం వేరు, దొరికిన ఫైలు పాడై ఉండటం వేరు. మొదటిదైతే చిరునామా సరిచేస్తే చాలు. రెండోదైతే వెంటనే డిస్క్‌ను అనుమానించాలి.

హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే, రాసిన డేటాలో సరిగా తిరిగి చదవగలిగింది 59 జీబీ మాత్రమేనని తేలింది. ప్లాస్టిక్ డబ్బా విప్పితే లోపల గోరంత బోర్డు మీద 64 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు, పక్కనే బరువు కోసం అంటించిన ఇనుప ముక్క ఉన్నాయి. ఇలాంటి నకిలీల్లో డిస్క్‌ను నడిపే చిప్ అయిన కంట్రోలర్ చేత అబద్ధపు సామర్థ్యం చెప్పిస్తారు. అసలు చోటు నిండాక వచ్చే డేటాను అది తీసుకున్నట్టే నటించి పారేస్తుంది. ఫైళ్ల పట్టిక మాత్రం డిస్క్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి. మొదటి పెళ్లిలో సుమారు 2,100 ఫొటోలు మిగిలాయి. రెండో పెళ్లి మొత్తం పోయింది. లాప్‌టాప్‌లోనిది కూడా ఎస్‌ఎస్‌డీయే కావడంతో, చెరిపిన డేటాను అందులో ఉండే ట్రిమ్ అనే ఏర్పాటు అప్పటికే తుడిచేసి ఉంటుందని రికవరీ చేసేవారు ఆశ పెట్టలేదు.

రెండో పెళ్లికి స్మార్ట్ ప్రివ్యూలు (ఒరిజినల్ లేకున్నా ఎడిట్ చేయగల చిన్న సైజు నకళ్లు) తయారు చేసి ఉండటం ఒక్కటే కొంత కాపాడింది. పాడైన ఒరిజినల్ అందుబాటులో ఉన్నంతసేపు లైట్‌రూమ్ దాన్నే చదవబోయి విఫలమవుతుంది. డిస్క్‌ను పీకేశాకే స్మార్ట్ ప్రివ్యూతో పని చేస్తుంది. ఈ చిన్న కిటుకు తెలియక ఒక రోజంతా పోగొట్టుకున్నాను. అయితే వాటి పొడవు వైపు 2,560 పిక్సెళ్లే ఉంటుంది, అంటే ప్రింట్‌లో అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన ఎనిమిదిన్నర అంగుళాలు. పెళ్లి ఆల్బంలోని 36 అంగుళాల కరిజ్మా షీటు నిండా ఒకే ఫొటో పరచడానికి అది ఏ మూలకూ చాలదు.

ఈ స్థితిలో ఉన్నవారు ఆ ఫొటోలను కేటలాగ్ నుంచి రిమూవ్ చేయకండి. చేస్తే వాటి ఎడిటింగ్ కూడా పోతుంది. ‘సింక్రనైజ్ ఫోల్డర్’లో మిస్సింగ్ ఫొటోలను తొలగించే ఆప్షన్‌కు టిక్ ఉంటే తీసేయండి. కేటలాగ్‌ను వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి. కొత్త డిస్క్ ఏదైనా సరే, ఒరిజినల్స్ పెట్టే ముందు దాని పూర్తి సామర్థ్యం మేరకు పరీక్షించండి. మ్యాక్, లైనక్స్ వాడేవారికి ఇదే పనికి ఎఫ్3 అనే ప్రోగ్రామ్ ఉంది. నా నకిలీ డిస్క్ సెకనుకు 12 ఎంబీ కంటే వేగంగా రాయలేదు. ఆ వేగంతో 2 టీబీ నిండాలంటే దాదాపు రెండు రోజులు పడుతుంది, ఎస్‌ఎస్‌డీ అన్నవాడిని నిలదీయడానికి అదొక్కటే చాలు.

అమ్మకందారు ఏడు రోజుల గడువు దాటిందన్న ఒక్క మాటతో సరిపెట్టాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దుకాణం గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి. స్టూడియో పనికి కొన్నారు కదా, మీరు వినియోగదారు ఎలా అవుతారని ఒక మిత్రుడు అడిగాడు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం రక్షణ ఇస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. బిల్లు, పరీక్ష ఫలితం స్క్రీన్‌షాట్, డబ్బా విప్పుతున్న వీడియో దగ్గర పెట్టుకున్నాను.

నేను కొన్న పేజీ ఇప్పుడు లేదు. అదే డబ్బా, అదే ఫొటో, వేరే పేరుతో 4 టీబీ అని నిన్న మళ్లీ కనిపించింది.