అసోసియేషన్‌లో డైవర్సిటీ కమిటీ పెట్టించే కన్సల్టింగ్ సర్వీస్ వాడాం: చార్టర్ పని సూపర్, ట్రైనింగ్ మాత్రం వద్దు

మాది ఇంజనీర్ల ప్రొఫెషనల్ అసోసియేషన్ అండి, నేను మేనేజింగ్ బోర్డులో మెంబర్ని. డైవర్సిటీ అండ్ ఇంక్లూజన్ కమిటీ, అంటే అన్ని రకాల మెంబర్లకీ సమానంగా చోటు దక్కేలా చూసే కమిటీ, పెట్టాలని బోర్డు తీర్మానం చేసింది కానీ ఎలా పెట్టాలి, ఎవర్ని తీసుకోవాలి, దానికి ఏం పని అప్పజెప్పాలి అనేది తేలక, ఇదే పని చేసిపెట్టే ఒక చిన్న కన్సల్టింగ్ టీమ్‌ని మాట్లాడుకున్నాం. పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ళ లోపాలు కూడా చెప్తున్నా, పైగా ఇలాంటి సర్వీసులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, ఏది తీసుకున్నా ఏం చూసుకోవాలో మీకు తెలిస్తే చాలు. ప్యాకేజ్‌లో ఉన్నవి: మెంబర్ల సర్వే, మా రూల్స్ అన్నీ చదివి రిపోర్ట్, కమిటీ చార్టర్ (కమిటీ పనులు, అధికారాలు రాసే పత్రం) డ్రాఫ్ట్, మెంబర్ల ఎంపికలో సాయం, ఒక పూట ట్రైనింగ్, ఆరు నెలల తర్వాత ఒక రివ్యూ మీటింగ్.

మొదటి మీటింగ్‌లోనే నాకు నచ్చింది ఏంటంటే, వాళ్ళు విజన్ స్టేట్‌మెంట్ గురించో లోగో గురించో మాట్లాడలేదు. మీ బైలాస్ (సంఘం నియమావళి) ఇవ్వండి, అవార్డుల రూల్స్ ఇవ్వండి, గత కొన్నేళ్ళుగా ఏ కమిటీలో ఎవరున్నారో లిస్టులు ఇవ్వండి, కాన్ఫరెన్స్‌లో ఎవరు మాట్లాడారో ఇవ్వండి అన్నారు. అవి పట్టుకెళ్ళి తీరిగ్గా చదివి వచ్చారు, అక్కడే అసలు విషయం బయటపడింది.

మా దగ్గర ఫెలో గ్రేడ్ అని ఒకటుంది, అది వస్తేనే పెద్ద కమిటీల్లోకి, బోర్డులోకి దారి. దానికి అప్లై చేయాలంటే పదేళ్ళ మెంబర్‌షిప్ మధ్యలో తెగకుండా ఉండాలి, ఆల్రెడీ ఫెలో అయినవాళ్ళు ఇద్దరు సిఫార్సు చేయాలి. చూడ్డానికి ఇందులో తప్పేముంది అనిపిస్తుంది కదా. కానీ పిల్లలు పుట్టినప్పుడో, జబ్బు చేసినప్పుడో, ఉద్యోగం పోయినప్పుడో ఒక్క ఏడాది ఫీజు కట్టకపోతే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు, అంటే పధ్నాలుగేళ్ళ నుంచి మాతో ఉన్న మనిషి కూడా కాగితం మీద నాలుగేళ్ళ మెంబరే. ఇక సిఫార్సు సంగతికొస్తే, పెద్ద కంపెనీలో పనిచేసేవాళ్ళకి పక్క క్యాబిన్‌లోనే ఫెలో ఉంటాడు, సొంతంగా చిన్న ప్రాక్టీస్ పెట్టుకున్నవాళ్ళు, పెద్ద ఊళ్ళకి దూరంగా ఉన్నవాళ్ళు ఎవర్ని అడగాలి? ఈ రూల్ ఎవరూ ఎవర్నీ ఆపాలని పెట్టింది కాదు, ఎప్పుడో రాశారు, అలా నడిచిపోతోంది. అయినా వీళ్ళు దాన్ని బోర్డు ముందు పెట్టి, గత ఫెలోల లిస్ట్ పక్కన పెట్టి చూపించేసరికి గదిలో ఎవరూ కాదనలేకపోయారు. ఇప్పుడు మొత్తం కలిపి పదేళ్ళు ఉంటే చాలు, ఇద్దరిలో ఒకరు ఫెలో కాకపోయినా పర్లేదు, ఆ మనిషి పని దగ్గర్నుంచి చూసిన క్లయింటో సీనియరో అయితే సరిపోతుంది అని మార్పు ప్రతిపాదించాం. నన్నడిగితే వాళ్ళకిచ్చిన ఫీజు ఈ ఒక్క పనితోనే గిట్టుబాటు అయిపోయింది.

కాన్ఫరెన్స్ పేపర్ల ఎంపిక గురించి కూడా మంచి చర్చ జరిగింది. 2018లో హబుల్ టెలిస్కోప్ వాడుకునే టైమ్ కోసం వచ్చిన ప్రపోజల్స్‌ని, రాసినవాళ్ళ పేర్లు రివ్యూ చేసేవాళ్ళకి తెలీకుండా చదివించారు, ఆ విడతలో ఆడవాళ్ళు లీడ్ చేసిన ప్రపోజల్స్ సక్సెస్ రేటు మొదటిసారి మగవాళ్ళ రేటు కన్నా కాస్త ఎక్కువ వచ్చింది, ఆ సంగతి చెప్పారు. మా బోర్డులో ఒకాయన వెంటనే "ఒక్క విడత చూసి ఏం తేలుస్తామండీ, తేడా కూడా చిన్నదే కదా" అన్నారు. ఇలాంటప్పుడు కొంతమంది కన్సల్టెంట్లు వాదనకి దిగుతారు, ఆ సంగతి చెప్పిన మా కన్సల్టెంట్ ఆవిడ మాత్రం "నిజమే సార్, ఒక్క విడతతో ఏదీ నిరూపణ కాదు, కానీ పేర్లు తీసేస్తే రివ్యూ మీటింగుల్లో మాటలు మనిషి మీద నుంచి పని మీదకి మళ్ళుతాయి, మీరూ ఒక ఏడాది చేసి చూడండి" అన్నారు. ఫెలో నామినేషన్లకి పేరు దాచడం కుదరదు, ఎందుకంటే అక్కడ ఆ మనిషి ఎవరో, ఇన్నేళ్ళుగా ఏం చేశారో చూడాలి, కానీ పేపర్లకి కుదురుతుంది, అందుకని పేపర్లతోనే మొదలుపెట్టాం.

సర్వే బాగా చేశారు. మెంబర్లకి మొదట్లో భయం ఉండింది, నా వివరాలు ఎవరు చూస్తారు, తర్వాత నా మీద ఏమైనా వస్తుందా అని. ప్రతి ప్రశ్నకీ 'చెప్పదలుచుకోలేదు' అనే ఆప్షన్ పెట్టారు. ఇంకోటి, ఏ గుంపులో అయినా మనుషులు మరీ తక్కువగా ఉంటే ఆ అంకె విడిగా చూపించబోమని ముందే చెప్పేశారు. ఇది చాలామంది పట్టించుకోరు అండి. ఒక బ్రాంచ్‌లో వినికిడి సమస్య ఉన్నవాళ్ళు ముగ్గురే ఉన్నారనుకోండి, వాళ్ళలో ఇద్దరు అసంతృప్తిగా ఉన్నారు అని చార్ట్ వేస్తే, ఆ ముగ్గురూ ఎవరో అందరికీ తెలిసిందే కాబట్టి పేరు రాయకపోయినా రాసినట్టే. అలాంటి చోట్ల బ్రాంచ్‌లన్నీ కలిపేసి చూపించారు, కలిపినా తక్కువే అయితే అసలు వేయలేదు. రాతపూర్వకంగా వచ్చిన కామెంట్లలో కూడా మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాకే బోర్డుకి ఇచ్చారు.

ఇక చార్టర్. ఇదే వీళ్ళ సత్తా తెలిసిన చోటు, కొంచెం వివరంగా రాస్తా.

మా బోర్డు మొదట అనుకుంది ఒక తాత్కాలిక కమిటీ వేసేద్దాం, బాగుంటే తర్వాత చూద్దాం అని. వీళ్ళు ఒప్పుకోలేదు. మా మీటింగులు రాబర్ట్స్ రూల్స్ ప్రకారం నడుస్తాయి, అంటే 1876లో హెన్రీ రాబర్ట్ రాసిన పద్ధతి. దాని ప్రకారం తాత్కాలిక కమిటీ అనేది అప్పజెప్పిన పని అయిపోయి రిపోర్ట్ ఇచ్చేశాక రద్దైపోతుంది, స్టాండింగ్ కమిటీ అయితే అలాగే కొనసాగుతుంది. మా బైలాస్‌లో స్టాండింగ్ కమిటీల పేర్లన్నీ రాసే ఉన్నాయి కాబట్టి కొత్తది కలపాలంటే బైలాస్ సవరించాలి, దానికి ముందస్తు నోటీస్ ఇవ్వాలి, మెంబర్ల ఓటింగ్ కావాలి, టైమ్ పడుతుంది. పడినా సరే అదే చేయండి, ఎందుకంటే బోర్డు దయ మీద నడిచే కమిటీ ప్రెసిడెంట్ మారగానే మాయమైపోతుంది అన్నారు. బైలాస్ సవరణ పాస్ అయ్యేలోపు పని ఆగకుండా తాత్కాలిక కమిటీ పేరుతో మొదలుపెట్టించారు, ఆ తీర్మానం మాటలు కూడా వాళ్ళే రాసిచ్చారు.

చార్టర్‌లో పట్టుబట్టి పెట్టించినవి చెప్తా. కమిటీకి సొంత బడ్జెట్ పద్దు ఉండాలి, ఒక్కో ఖర్చుకీ ట్రెజరర్ చుట్టూ తిరిగే పని లేకుండా. బోర్డులో ఓటున్న మెంబర్ ఒకరు ఈ కమిటీలో తప్పనిసరిగా కూర్చోవాలి. ఎన్నికలకీ అవార్డులకీ నామినేషన్ల లిస్ట్ ఫైనల్ చేసే ముందు ఈ కమిటీకి చూపించాలి, పేర్లు మార్చే అధికారం వీళ్ళకి లేదు కానీ "లిస్ట్ మొత్తం రెండు కంపెనీల నుంచే వచ్చింది, ఇంకో రెండు వారాలు గడువు పెంచండి" అని అడిగే హక్కు ఉంది. కమిటీ ఏటా ఇచ్చే రిపోర్ట్‌కి బోర్డు గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాయాలి. ఈ చివరిది నాకు అన్నిటికన్నా నచ్చింది. చాలా అసోసియేషన్లలో కమిటీ రిపోర్ట్ ఇస్తుంది, బోర్డు చప్పట్లు కొట్టి మినిట్స్‌లో 'స్వీకరించాం' అని రాసేస్తుంది, అంతటితో సరి.

ఇంకో ముఖ్యమైన పాయింట్, వేధింపులు, వివక్ష మీద వచ్చే ఫిర్యాదుల విచారణ ఈ కమిటీకి ఇవ్వొద్దన్నారు. మాలో చాలామంది ఇది ఆ పని కోసమే అనుకున్నారు. వాళ్ళు చెప్పిన కారణం సబబుగా ఉంది: విచారణకి గోప్యత కావాలి, శిక్షణ ఉన్న మనుషులు కావాలి, ఇరు పక్కలా వినాలి, శిక్ష వేసే అధికారం ఉండాలి. ఈ కమిటీ వాళ్ళేమో మెంబర్లతో కలిసి తిరుగుతూ వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు, ఒకే మనిషి రెండూ చేస్తే రెండూ చెడతాయి. అందుకని ఫిర్యాదులు ఎథిక్స్ కమిటీకే వెళ్తాయి, ఈ కమిటీ ఆ ప్రాసెస్ సరిగ్గా ఉందా లేదా అని మాత్రం సమీక్షిస్తుంది.

మెంబర్ల ఎంపికలో కూడా మంచి సలహా ఇచ్చారు. మామూలుగా ఏం జరుగుతుంది, అసోసియేషన్‌లో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళకీ, వికలాంగులైన సభ్యులకీ ఫోన్ చేసి మీరు రండి అంటారు, వాళ్ళు అప్పటికే ప్రతి ప్యానెల్లోనూ ప్రతి ఫొటోలోనూ ఉండి ఉండి అలసిపోయి ఉంటారు. రోజబెత్ మాస్ కాంటర్ అనే సోషియాలజిస్ట్ 1977లోనే చెప్పింది, గుంపులో పదిహేను శాతం లోపు ఉన్నవాళ్ళని ఒక మనిషిగా కాకుండా తమ వర్గం మొత్తానికి నమూనాగా చూస్తారని, వాళ్ళ మీద అందరి కళ్ళూ ఉంటాయని. మా దగ్గర అచ్చం అదే. అందుకని బహిరంగంగా అప్లికేషన్లు పిలిచారు, ఎంత టైమ్ పెట్టాలో ముందే రాశారు, పదవీకాలం రెండేళ్ళు, సగం మంది ఒక ఏడాది సగం మంది ఇంకో ఏడాది దిగేలా పెట్టారు, చైర్‌ పర్సన్‌కి పనిలో సాయపడ్డానికి ఆఫీస్ స్టాఫ్ ఒకర్ని కేటాయించమన్నారు. అప్లై చేసినవాళ్ళలో మేం ఊహించని పేర్లు వచ్చాయి, ముఖ్యంగా రిటైరైన ఒక పెద్దాయన, ఈ మధ్యే డిగ్రీ అయిన ఒకమ్మాయి, ఇద్దరూ ఇప్పుడు బాగా పనిచేస్తున్నారు.

ఇప్పుడు నచ్చనివి. ట్రైనింగ్ అస్సలు బాలేదు. మిగతా పని మా అసోసియేషన్ చదివి చేశారు కదా, ట్రైనింగ్ మాత్రం ఎవరికైనా సరిపోయే రెడీమేడ్ స్లైడ్లు. వాటిలోనూ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగు అక్షరాలు. డబ్ల్యూసీఏజీ అనే యాక్సెసిబిలిటీ ప్రమాణాల ఏఏ లెవెల్ ప్రకారం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరాల రంగుకీ వెనక రంగుకీ వెలుగులో తేడా) ఉండాలి, ఇంక్లూజన్ నేర్పే టీమ్ స్లైడ్లలో అది లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. అంతకన్నా పెద్ద తప్పు, డ్రాఫ్ట్ చార్టర్ మెంబర్లకి పంపినప్పుడు స్కాన్ చేసిన ఇమేజ్ పీడీఎఫ్ పంపారు, స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే మెంబర్‌కి అది ఖాళీ పేజీ కింద లెక్క. ఆయన ఫోన్ చేసి అడిగితే తప్ప ఎవరికీ తెలీలేదు. అడగ్గానే టెక్స్ట్ ఫైల్ పంపారు, క్షమాపణ కూడా చెప్పారు, అభిప్రాయాలు చెప్పే గడువు పెంచారు, కానీ ఆ మెంబర్ అడిగి తీసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు కదా.

ఆ పూటలో పనికొచ్చింది ఒక్కటే. వెనక నుంచి ఒకాయన ప్రశ్న అడుగుతూ "నా గొంతు పెద్దదే, మైక్ అక్కర్లేదు" అన్నారు. ట్రైనర్ ఆపి, దయచేసి మైక్ తీసుకోండి, హాల్లో హియరింగ్ లూప్‌కీ (వినికిడి యంత్రాలకి నేరుగా సౌండ్ పంపే ఏర్పాటు), ఆన్‌లైన్లో క్యాప్షన్ టైప్ చేసేవాళ్ళకీ మైక్ నుంచే సౌండ్ వెళ్తుంది, మీరెంత గట్టిగా మాట్లాడినా వాళ్ళకి చేరదు అని చెప్పారు. అప్పట్నుంచి మా మీటింగుల్లో మైక్ లేకుండా ఎవరైనా మొదలుపెడితే పక్కవాళ్ళే అందిస్తున్నారు.

ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 30415 అని 2021లో తెచ్చిన డైవర్సిటీ గైడ్‌లైన్‌ని కూడా రిపోర్ట్‌లో చాలా పేజీలు పరిచారు. అది ప్రధానంగా ఉద్యోగులుండే సంస్థల కోసం, రిక్రూట్‌మెంట్, ప్రమోషన్, ఇలాంటివాటికి. మాది వాలంటీర్ల మీద నడిచే సంఘం, అందులో సగం మాకు వర్తించదు, ఆ పేజీలు తగ్గించి ఉంటే చదివేవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళు.

మీరు ఇలాంటి సర్వీస్ తీసుకుంటుంటే కాంట్రాక్ట్‌లో మూడు రాయించుకోండి: ఇచ్చే ప్రతి డాక్యుమెంట్ స్క్రీన్ రీడర్‌లో చదవగలిగేలా ఉండాలి, సర్వే ముడి డేటా పని అయ్యాక ఎప్పుడు చెరిపేస్తారో తేదీ ఉండాలి, రివ్యూ మీటింగ్‌కి వచ్చేది మీతో పనిచేసిన అదే మనుషులై ఉండాలి. మా రివ్యూకి వాళ్ళే వచ్చారు, చార్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో లైన్ జరిగిందా లేదా అని అడిగారు, బడ్జెట్ పద్దు ఇంకా విడిగా తెరవలేదని తేలితే ట్రెజరర్‌ని అక్కడే పిలిచి తేదీ చెప్పించారు. వచ్చే ఏడాదికి మళ్ళీ వాళ్ళనే పెట్టుకున్నాం, ట్రైనింగ్ తీసేసి రూల్స్ సమీక్ష వరకే, ఈసారి కాన్ఫరెన్స్ కమిటీ రూల్స్, మెంటరింగ్ స్కీమ్ రూల్స్ చదవమని ఇచ్చాం.