కణితిని (సాంబార్ దుప్పిని) చూడాలని కొన్న 8×42 బైనాక్యులర్స్: ఏడాది వాడాక నా మాట

కొంచెం పెద్ద రివ్యూ ఇది. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని నల్లమలకో రోళ్లపాడుకో పోవాలనుకునే మన కర్నూలు, నంద్యాల వైపు వాళ్లు, కెమెరా కోసం అప్పు చేసే ముందు ఇది ఒకసారి చదవండి.

మా బావమరిది అమెరికాలో కొలరాడోలో ఉంటాడు. అక్టోబర్ వచ్చిందంటే ఆఫీసు స్నేహితులు, వాళ్ల కుటుంబాలు అందరూ కలిసి కొండల్లో గుడారాలు వేసుకుని ఎల్క్ వేటకు పోతారు. ఎల్క్ అంటే మన కణితి లాంటిదే, ఇంకా పెద్ద దుప్పి, మగదైతే 300 కిలోలు దాటుతుంది. అక్కడ అది చట్టం ఒప్పుకున్న వేట. లైసెన్సు తీసుకోవాలి, ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, మగదాన్నా ఆడదాన్నా అన్నది అందులో రాసినట్టే నడుచుకోవాలి, రైఫిల్ సీజన్‌లో కళ్లు చెదిరే నారింజ రంగో గులాబీ రంగో జాకెట్టూ టోపీ వేసుకోవాలి. నేను వీడియో కాల్‌లో తుపాకీ గురించి అడిగితే వాడు చెప్పింది ఇది: "బావా, అందరూ తుపాకీ గురించే అడుగుతారు. ఐదు రోజులు తిరిగితే తుపాకీ భుజానే ఉంటుంది, చేతిలో ఉండేది బైనాక్యులర్సే. తెల్లవారక ముందే గుట్ట మీద కూర్చుని ఎదుటి కొండంతా గంటలు గంటలు చూస్తాం, చాలాసార్లు చూసి వచ్చేస్తాం, అయినా అందరికీ ఇష్టమైన భాగం అదే."

ఆ మాట నాకు పట్టుకుంది. ఎందుకంటే మా ఇంట్లో కూడా వేట కథ ఒకటి ఉంది. మాది ఆత్మకూరు దగ్గర ఊరు. మా జేజినాయన ఆ రోజుల్లో నల్లమలకు వేటకు పోయేవాడు, చిన్నపిల్లవాడైన మా నాయన నీళ్ల తిత్తి మోసుకుంటూ వెనక పోయేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట ఆగిపోయింది, ఆగిపోవడమే మంచిదైంది. మా నాయనకు ఇప్పుడు 72 ఏళ్లు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ, తాను కణితిని ఎన్నోసార్లు చూశాననీ, కానీ చచ్చిపోయిన కణితినే చూశాననీ, బతికున్నది పొదల్లో పరుగెత్తే నీడలాగా తప్ప నిలబడి ఉండగా ఎన్నడూ చూడలేదనీ అన్నాడు. మేం కూడా ఇంటిల్లిపాదీ, స్నేహితులతో కలిసి వేటకు పోదాం, తుపాకీ లేకుండా పోదాం అని ఆ రోజే అనుకున్నా.

ఇక వస్తువు సంగతి. నేను మొదట కొన్నది ఈ 8×42 కాదు. ఆన్‌లైన్‌లో 1,500 రూపాయలకు ఒకటి దొరికితే తీసుకున్నా, దాని మీద పెద్ద పెద్ద అంకెలు, రాత్రి కూడా కనబడుతుందని రాత, అద్దాలు ఎర్రగా మెరుస్తుంటాయి. మిద్దె మీద నుంచి కొండారెడ్డి బురుజు చూస్తే రెండు బురుజులు కనబడ్డాయి! రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు చూడకపోతే అలా అవుతుంది, దాన్ని ఇంట్లో సరిచేయలేం. పది నిమిషాలకే మా ఆవిడకు తలనొప్పి వచ్చింది. ఆ ఎర్ర పూత అందానికి తప్ప దేనికీ పనికిరాదు, వెలుతురులో ఎర్రని భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది కాబట్టి బొమ్మ పచ్చగా, మసకగా కనబడుతుంది. తిప్పి పంపడానికి మూడు వారాలు పట్టింది. 1,500 పోతే పోయింది అనుకోకండి, అది పట్టుకుని అడవికి పోయి ఉంటే ఆ రోజంతా పోయేది.

తర్వాత బావమరిదిని అడిగి, వాడు చెప్పిన లెక్కలు రాసుకుని, 9,000 పెట్టి 8×42 తీసుకున్నా. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో కాస్త పేరున్నవి ఏవైనా దాదాపు ఒకేలా ఉంటాయి, చూడాల్సింది అంకెలు. 8 అంటే వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుంది. 42 అంటే ముందున్న పెద్ద అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25 వస్తుంది, కంటికి అందే వెలుతురు చుక్క వెడల్పు అది. చిన్న జేబు సైజు 10×25 తీసుకుంటే ఆ చుక్క 2.5 మాత్రమే. మధ్యాహ్నం ఎండలో రెండిటికీ పెద్ద తేడా తెలియదు, కానీ కణితి మధ్యాహ్నం బయటికి రాదు కదా, పొద్దు వాలాక వస్తుంది, మన కంటిపాప పెద్దదయ్యే వేళ అది. అప్పుడు చిన్నదానిలో నల్లటి పొద కనబడుతుంది, 42లో ఆ పొదలో చెవి కనబడుతుంది.

మరి 10, 12, 20 రెట్లు ఎందుకు వద్దు అని నా స్నేహితుడు కూడా అడిగాడు. వస్తువుతో పాటు చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. పది దాటితే స్టాండు ఉండాల్సిందే. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనబడే మేర తగ్గుతుంది. నాదాంట్లో 7.5 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో సుమారు 131 మీటర్ల వెడల్పు ఒకేసారి కనబడుతుంది. పిల్లలు జింకను వెతకాలంటే ఈ వెడల్పే కావాలి, ఇరుకు గొట్టంలో వెతికితే ఐదు నిమిషాల్లో "నాకు ఏమీ కనబళ్లేదు" అని పక్కన పెట్టేస్తారు.

కొన్నాక నేరుగా అడవికి పోలేదు, ముందు రోళ్లపాడు పోయాం. నందికొట్కూరులో ఉగ్గాని బజ్జి తిని, మిడ్తూరు దాటి పోతే గడ్డి మైదానం. 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం అది, 614 హెక్టార్లు. బట్టమేక పిట్ట ఇప్పుడు అక్కడ కనబడటం లేదనే చెప్పాలి, తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కృష్ణజింకలు మాత్రం బాగా పెరిగాయి, చుట్టుపక్కల రైతుల పంటలకు వాటితో ఇబ్బంది కూడా ఉంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు, చెట్లు అడ్డం రావు, జింకలు ఎదురుగానే ఉంటాయి. మా అబ్బాయికి 11 ఏళ్లు, మొదటి అరగంట ఆకాశం, గడ్డి, మళ్లీ ఆకాశం, ఇంతే చూశాడు. కిటుకు ఏమిటంటే, ముందు మామూలు కంటితో జింకను పట్టుకోవాలి, చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. వీటిలోకి తల వంచి చూసి, తర్వాత జింకను వెతికితే దొరకదు. ఇది వచ్చాక వాడు మగ కృష్ణజింక మెలి తిరిగిన కొమ్ములకు ఎన్ని మెలికలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఇంకో పని కొన్న రోజే చేయాలి, చాలామంది చేయరు. కుడి కన్ను మూసి, మధ్యలో చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టంగా పెట్టుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం దగ్గరున్న రింగు తిప్పి కుడి కంటికి సరిచేసుకోవాలి. మన రెండు కళ్లూ ఒకలా ఉండవు, ఆ తేడా ఈ రింగు సర్దుతుంది. మా నాయనకు శుక్లాల ఆపరేషన్ అయింది, ఆయన రింగు ఎక్కడ ఉండాలో తెల్లటి పెయింటు చుక్క పెట్టుకున్నాం. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పేసుకోవాలి, లేకపోతే అంచులు నల్లగా కనబడతాయి.

ఇక నల్లమల. ఫిబ్రవరిలో మా కుటుంబం, నంద్యాలలో ఉండే నా స్నేహితుడి కుటుంబం, మొత్తం తొమ్మిది మందిమి బైర్లూటి వైపు పోయాం. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే దారి అది, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం లోపలి భాగం. అటవీ శాఖ జీపులో సాయంత్రం బయలుదేరాం, గైడుగా ఒక చెంచు అన్న వచ్చాడు. నాగలూటి వీరభద్రుడి గుడి వైపు దారి, ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచిపోయే పాత కాలిబాట ఉన్న అడవి. నల్లమద్ది, ఏగిస, వెదురు, కింద రాలిన టేకాకులు. జీపు ఆపిన ప్రతిచోటా ఎంత నిశ్శబ్దం ఉంటుందో, మా స్నేహితుడి పాప గుసగుసగా మాట్లాడినా ఊరంతా వినబడినట్టు ఉంది.

బావమరిది చెప్పిన పద్ధతి ఇక్కడ వాడాం. ఎల్క్ కోసం కొండను చూసేటప్పుడు వాళ్లు మొత్తం జంతువును వెతకరట. పొలాన్ని సాళ్లుగా దున్నినట్టు కొండను అడ్డంగా పట్టీలు పట్టీలుగా చూస్తారట. చెట్లన్నీ నిలువు గీతలు కదా, వాటి మధ్యలో అడ్డగీత ఒకటి కనబడితే అది వీపు అయి ఉండొచ్చు. లేకపోతే చెవి కదలిక, తోక, కొమ్ము కొన. వాడు ఇంకోటి కూడా చెప్పాడు, దుప్పి జాతికి నారింజ రంగు మనకు కనబడినంత ఎర్రగా కనబడదట, వాటిని బెదరగొట్టేది కదలికా వాసనే అట. అందుకే గాలి ఎటు వీస్తుందో చూసుకుని కూర్చుంటారు. మేం జీపులోంచి దిగకూడదు కాబట్టి గాలి మన చేతిలో లేదు, కానీ సెంటు కొట్టుకుని రావద్దని ఆడవాళ్లకీ మగవాళ్లకీ ముందే చెప్పా.

మేమంతా పట్టీలు పట్టీలుగా చూస్తున్నాం, చెంచు అన్న మాత్రం వట్టి కళ్లతో చూసి, చెయ్యి కూడా ఎత్తకుండా గడ్డంతో చూపించి, "నీళ్ల తొట్టి ఎడమ పక్క, కణితి" అన్నాడు. మాకు ఎవరికీ కనబళ్లేదు! బైనాక్యులర్స్ పెట్టి చూస్తే గోధుమ రంగు కొమ్మ అనుకున్నది కొమ్ము. ముందు మా నాయనకే ఇచ్చా. ఆయన చేతులు వణుకుతాయి, మోచేతులు జీపు కడ్డీ మీద ఆనించమన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రేయ్, దానికి కొమ్ముకు మూడు కొనలున్నాయి రా, తడిగా ఉంది ముక్కు" అన్నాడు. ముక్కు తడి కూడా కనబడింది ఆయనకు. వంద మీటర్ల పైన ఉంటుంది దూరం, పొద్దు పూర్తిగా వాలింది, నా ఫోన్‌లో తీసిన ఫోటోలో బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత పిల్లలు, ఆడవాళ్లు, నా స్నేహితుడు, అందరూ వంతులవారీగా చూశారు. నా వంతు వచ్చేసరికి అది కాలితో నేలను ఒకసారి గట్టిగా కొట్టి, తోక లేపి, లోపలికి పోయింది. చెంచు అన్నకు కూడా ఇచ్చా, ఆయన దూరంగా చెట్టు తొర్రలో గుడ్లగూబను చూసుకుని చాలాసేపు తిరిగి ఇవ్వలేదు, నాకు ఎంత సంతోషం అనిపించిందో చెప్పలేను.

ఆ రోజు తెలిసిన పెద్ద లోపం వస్తువుది కాదు, మాది. తొమ్మిది మందికి ఒకటి చాలదు. 20,000 పెట్టి ఒక ఖరీదైనది కొనేకన్నా 9,000వి రెండు కొనుక్కోండి, కుటుంబంతో పోయేవాళ్లకు నా గట్టి సలహా ఇది.

వస్తువులో లోపాలు కూడా చెప్తా. బరువు 650 గ్రాములు, దాంతో వచ్చిన సన్నటి పట్టీ మెడను కోసేస్తుంది. వీపు మీదుగా రెండు భుజాలకు వేసుకునే పట్టీ విడిగా కొన్నా, అది వేసుకున్నాక బరువే తెలియదు. ముందు అద్దాల మూతలు వదులు, ఒకటి నాగలూటి దారిలోనే ఎక్కడో పడిపోయింది. కంటి రబ్బరు కప్పు ఒకటి ఎనిమిది నెలలకు లూజైంది, తిప్పిన చోట నిలబడదు. వెలుతురు ఎదురుగా ఉన్నప్పుడు చూస్తే అంచుల్లో ఊదా రంగు గీత కనబడుతుంది, ఈ ధరలో దాన్ని తప్పించుకోలేం అనుకుంటా. లోపల నైట్రోజన్ నింపింది కాబట్టి డిసెంబర్ మంచులో కూడా లోపల ఆవిరి పట్టలేదు, ఇది మాత్రం కొనేటప్పుడు తప్పకుండా అడగండి.

మన కర్నూలు దుమ్ము గురించి వేరే చెప్పాలా. అద్దం మీద దుమ్ము ఉండగా పంచె కొంగుతోనో టవల్‌తోనో తుడవొద్దు, గీతలు పడతాయి. ముందు ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము పోగొట్టి, తర్వాత మెత్తటి గుడ్డ. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేసి డబ్బాలో మూసిపెట్టండి, లేకపోతే అద్దాలకు బూజు పడుతుంది. పిల్లల చేతికి ఇచ్చే ముందు సూర్యుడి వైపు ఒక్కసారి కూడా చూడకూడదని గట్టిగా చెప్పండి, కన్ను పోతుంది. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, కనుక్కుని బయలుదేరండి.

ఐదుకు నాలుగు ఇస్తా. పోయిన ఆ ఒకటి పట్టీకీ మూతలకీ.

అడవి నుంచి వచ్చిన రెండో రోజు నేను కర్నూలుకు బయలుదేరుతుంటే మా నాయన బైనాక్యులర్స్ డబ్బా నా సంచిలో పెట్టకుండా తన మంచం పక్కన పెట్టుకున్నాడు. అడిగితే, పొద్దున్నే మిద్దె మీద కూర్చుంటే గుట్ట వైపు ఏమేం తిరుగుతున్నాయో చూస్తానన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేసి మనవడికి చెప్తాడు, ఈరోజు ఎన్ని నెమళ్లు, ఎన్ని కొంగలు, అడవిపంది ఎటు నుంచి ఎటు పోయింది అని. మా అబ్బాయి పుస్తకంలో రాసుకుంటాడు. నేను రెండోది ఆర్డర్ పెట్టా, అదే 8×42, గురువారం వస్తుందన్నారు.