మూడేళ్లుగా జిమ్నీతో: చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ కారు రోజువారీ వాడకంలో ఎలా ఉంటుంది

మూడు తలుపుల సుజుకి జిమ్నీ కొని మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో నలభై రెండు వేల కిలోమీటర్లు నడిపాను, ఇదే బండి వాడుతున్న మరికొందరితో కలిసి మట్టిదారులూ వాగులూ తిరిగాను, వాళ్ల మెచ్చుకోళ్లూ ఫిర్యాదులూ విన్నాను. వాటన్నిటినీ నా అనుభవం పక్కన పెట్టి చూస్తే తేలిందేమిటంటే, ఈ కారును మెచ్చుకునేవారూ దానితో విసిగినవారూ మాట్లాడుతున్నది ఒకే విషయం గురించి. దాన్ని కొండ ఎక్కించే నిర్మాణమే తారురోడ్డు మీద మనల్ని కుదుపుతుంది. మొదటిది కావాలనుకున్నవారు రెండోదాన్ని భరించవలసిందే.

ఆ నిర్మాణం కొత్తది కాదు. 1970లో 359 సీసీల టూ స్ట్రోక్ ఇంజనుతో మొదలైన తొలి మోడల్ ఎల్‌జే10 నుంచి 2018లో వచ్చిన నాలుగో తరం వరకూ నిచ్చెనలాంటి ఉక్కు ఛాసీ, ముందూ వెనకా ఒకే దూలంలా ఉండే రిజిడ్ యాక్సిళ్లు, అవసరమైనప్పుడు మాత్రమే కలుపుకునే ఫోర్ వీల్ డ్రైవ్ అలాగే కొనసాగుతున్నాయి. వెనక తగిలించిన స్టెప్నీని లెక్కలోకి తీసుకోకపోతే కారు పొడవు 3,480 మిల్లీమీటర్లు, వీల్ బేస్ 2,250 మిల్లీమీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 1,100 కిలోలు. వీటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది ఆ తక్కువ బరువుకు. పెద్ద ఇంజనున్న భారీ బండ్లు కూరుకుపోయిన ఇసుకలో, టైర్ల గాలి పద్దెనిమిది పీఎస్ఐకి తగ్గించుకుని, వేగం పడిపోకుండా నింపాదిగా నడుపుతూ నేను బయటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ పనిచేసింది ఇంజను బలం కాదు, నేల మీద పడే భారం తక్కువ కావడం.

ఇక బురద సంగతి. వాన వెలిసిన మర్నాడు ఒక బంకమట్టి వాలు మీద ఫోర్ హెచ్‌లోనే, అంటే నాలుగు చక్రాలకూ మామూలు వేగాల్లో బలం అందే స్థితిలోనే, ఎక్కబోయి సగంలో ఆగిపోయాను. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం ఊరికే తిరుగుతూ మట్టిని వెనక్కి చిమ్మాయి. అప్పుడు బ్రేకు మీద బండిని నిలిపి, క్లచ్ పూర్తిగా తొక్కి, చిన్న లివర్‌ను కిందికి నొక్కి ఫోర్ ఎల్‌లోకి వేశాను. చక్రాల దగ్గర అందే బలం ఇంచుమించు రెట్టింపయ్యే గేరు అది. మొదటి గేరులో క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను తాకీ తాకనట్లు ఉంచితే, ఒకటి రెండు క్షణాలు చక్రాలు జారాయి, తరువాత కింది నుంచి టకటకమని బ్రేకులు పట్టి వదులుతున్న చప్పుడు వినిపించింది, బండి నడక వేగంతో పైకి పాకింది. ఊరికే తిరుగుతున్న చక్రాన్ని కంప్యూటర్ బ్రేకుతో పట్టుకుని, ఆ బలాన్ని అదే యాక్సిల్ మీద నేల పట్టు దొరికిన చక్రానికి మళ్లించే ఏర్పాటు ఇది. ఆ చప్పుడు వినగానే ఏదో విరిగిందని భయపడి కాలు తీసేసేవారు ఉంటారు. తీయకూడదు, అది పని మొదలుపెట్టిన చప్పుడు.

ఈ ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎక్కడ వాడకూడదో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్య ఇందులో డిఫరెన్షియల్, అంటే రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా పెద్ద వలయంలో తిరగాలి గనక, ఫోర్ హెచ్‌లో రెండిటినీ ఒకే వేగానికి కట్టేస్తే ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. బురదలోనో ఇసుకలోనో చక్రం కొద్దిగా జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీదా షాఫ్టుల మీదా పడుతుంది.

నాకు ఈ పాఠం టైర్ల రూపంలో వచ్చింది. ముందు టైర్లు రెండూ అరిగాయని ఒక టైర్ల దుకాణంలో చూపిస్తే, రెండు మార్చితే చాలని చెప్పి, నా బండి ఫోర్ వీల్ డ్రైవ్ అని తెలిసి కూడా ముందు రెండే కొత్తవి వేసి పంపారు. వెనకవి అప్పటికి సగం పైగా అరిగి ఉన్నాయి. తరువాతి ప్రయాణంలో గట్టి కంకర దారి మీద పది కిలోమీటర్లు ఫోర్ హెచ్‌లో నడిపేసరికి కాళ్ల కింద నుంచి సన్నని మూలుగు మొదలైంది, లివర్ టూ హెచ్‌కు (వెనక రెండు చక్రాలకే బలం అందే స్థితికి) రానని బిగుసుకుంది. రివర్స్‌లో నాలుగైదు మీటర్లు నడిపాకగానీ వదలలేదు. కొత్త టైరుకూ అరిగిన టైరుకూ ట్రెడ్‌లో (టైరు గాడుల లోతులో) 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే వ్యాసంలో అది 10 మిల్లీమీటర్లవుతుంది. నాలుగు చక్రాలూ కలిసి తిరగవలసిన బండికి అది చిన్న తేడా కాదు. అప్పటి నుంచి నాలుగు టైర్లూ ఒకేసారి మారుస్తున్నాను, మధ్యలో ముందువి వెనకకూ వెనకవి ముందుకూ మార్పిస్తున్నాను. దుకాణం వారు చెప్పవలసిన మాట చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తారురోడ్డు మీదికి వస్తే, వంద కిలోమీటర్ల వేగంలో ఇంజను గట్టిగానే వినిపిస్తుంది, పెట్టెలాంటి ఆకారం వల్ల పక్కగాలికి బండి తడబడుతుంది, స్టీరింగ్‌ను చిన్న చిన్నగా సరిచేస్తూనే ఉండాలి. రాయి కొట్టుకున్నా చేతికి దెబ్బ తగలనివ్వని రీసర్క్యులేటింగ్ బాల్ రకం స్టీరింగ్ అది, మలుపు తరువాత తనంతట తాను మధ్యకు రావడంలో బద్ధకిస్తుంది. నాలుగు గంటలకు మించిన ప్రయాణమైతే మధ్యలో ఆగి నడుం సాచుకోవాలి. సందుల్లో మాత్రం ఇంత సుఖమైన బండిని నేను నడపలేదు. నాలుగు మూలలూ కంటికి కనిపిస్తాయి, 4.9 మీటర్ల టర్నింగ్ రేడియస్‌లో తిరిగిపోతుంది.

వెనక సీట్లు నిలబెట్టి ఉంచితే డిక్కీలో 85 లీటర్ల చోటే ఉంటుంది, అంటే రెండు చేతిసంచులు. దీన్ని ఇద్దరి కారుగానే లెక్కవేసుకోవాలి. వెనక తలుపు పైకి కాక పక్కకు తెరుచుకుంటుంది కనుక గోడకు ఆనించి నిలిపితే సామాను తీయలేము.

భద్రత గురించి కూడా చెప్పాలి. యూరో ఎన్‌క్యాప్ (కార్లను గుద్దించి భద్రతను పరీక్షించే యూరప్ సంస్థ) 2018 పరీక్షలో దీనికి వచ్చింది ఐదుకు మూడు నక్షత్రాలు. పైగా ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది తప్ప ఆపడానికి కాదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. తడి రోడ్డు మీద ధైర్యం ఎక్కువైన కొత్త యజమానులను చూసినప్పుడల్లా ఈ మాట చెబుతూనే ఉన్నాను.

మరమ్మతు ఖర్చు భయపడినంత లేదుగానీ పని ఎక్కువ. ఇంజను ఆయిలు కాక గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందుకూ వెనకకూ పంచే గేర్ల పెట్టె), ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, ఇలా నాలుగు చోట్ల ఆయిలు చూసుకోవాలి. ఒకసారి డెబ్బై కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ ఉన్నట్టుండి వణికితే, తెలిసిన భయాలన్నీ మనసులో మెదిలాయి. తీరా చూస్తే ముందు కుడి రిమ్ము లోపలి వైపు అరచేతి మందాన ఎండిన మట్టి పేరుకుని ఉంది. పుల్లతో గీకి, నీళ్లు కొట్టి కడిగితే వణుకు పోయింది.

అందరికీ ఈ రకమే అక్కర్లేదు. మంచు పట్టిన రోడ్లూ తడిసిన ఘాట్ రోడ్లే మీ ఇబ్బంది అయితే, ముందు చక్రాలు జారినప్పుడు వెనక చక్రాలకు తనంతట తానే బలం పంపే మామూలు ఆల్ వీల్ డ్రైవ్ కారు ఎంతో హాయి. 1977లో వచ్చిన లాడా నీవాలో సెంటర్ డిఫరెన్షియల్ పెట్టి, నాలుగు చక్రాల డ్రైవ్‌ను పొడి రోడ్డు మీద కూడా ఎల్లప్పుడూ వాడుకునేలా చేశారు. అదీ ఒక మంచి ఆలోచనే. రోడ్డు ఆగిపోయిన తరువాత కూడా వెళ్లవలసిన పని నెలకు ఒకటి రెండుసార్లైనా ఉన్నవారికే నేను జిమ్నీ కొనమంటాను.

వాడిన బండి కొనేవారు ఇంజను చప్పుడు వినడంతో ఆగకుండా, మెకానిక్ చేత డిఫరెన్షియల్ ఆయిలు కొద్దిగా తీయించి వెలుతురులో చూడండి. అది పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే నీళ్లు లోపలికి చేరాయన్నమాట. లోతైన వాగులో దిగిన బండికి ఆ తరువాత ఆయిలు మార్చలేదని అర్థం. అలాంటి బండికి పై రంగు ఎంత మెరుస్తున్నా నేనైతే బయానా ఇవ్వను.