లిబెరా చాట్‌లో లినక్స్ గది: ఖాళీ ఉన్న డిస్క్ నిండిపోయిందన్నప్పుడు

లినక్స్‌లో ఎర్రర్ వచ్చి ఎటూ పాలుపోవడం లేదని ఎవరైనా నన్నడిగితే, ముందు లిబెరా చాట్‌లోని లినక్స్ గదికి వెళ్లమంటాను. సర్వీస్ కాంట్రాక్టులూ టికెట్ నంబర్లూ ఉండని చోటది. ముక్కూమొహం తెలియని మనుషులు, ఊరికే, ఇష్టంకొద్దీ జవాబిస్తారు. ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతి మీద నడుస్తుంది. ఆ పద్ధతిని 1988లో ఫిన్లాండ్‌లో యార్కో ఓయికారినెన్ తయారు చేశారు. లిబెరా నెట్‌వర్క్ మాత్రం కొత్తదే, 2021 మే నెలలో మొదలైంది. మారుపేరు ఒకటి పెట్టుకుని బ్రౌజర్ నుంచే నెట్‌వర్క్‌లోకి వెళ్లొచ్చు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది ఒక విచిత్రమైన ఎర్రర్. నేను చూసుకునే పాత సర్వర్ ఒకటుంది, ఇంట్లోవాళ్లందరి ఫొటోలూ చూపించేది అదే. అప్‌డేట్ పెడితే మధ్యలో ఆగి "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్", అంటే డిస్క్‌లో చోటు లేదు, అంది. కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో ఫోల్డర్ పేరు సగం కొట్టి, మిగతాది అదే నింపుతుందని ట్యాబ్ నొక్కాను. పేరు పూర్తవలేదు సరికదా, టెంప్ (తాత్కాలిక) ఫైల్ తయారు చేయలేకపోతున్నానంటూ మళ్లీ అదే మాట వచ్చిపడింది. డిస్క్ నిండిందేమో అని చోటు లెక్క చూపే డీఎఫ్ -హెచ్ కమాండ్ కొట్టి చూస్తే వాడింది 43 శాతమే. సగానికి పైగా ఖాళీ ఉంది. సుడోతో, అంటే రూట్ (అడ్మిన్) హక్కులతో ప్రయత్నించినా ఒక్క ఖాళీ ఫైలు కూడా తయారు కాలేదు.

ఎర్రర్‌ను అక్షరం పొల్లు పోకుండా, అది వచ్చినప్పుడు నేనేం చేస్తున్నానో, డీఎఫ్ ఏం చూపిందో కలిపి గదిలో రాశాను. కాసేపటికి ఒకరు అడిగారు: "డీఎఫ్ -ఐ ఏం చెబుతోంది?" అంతే, ఇంకో మాట లేదు. కొట్టి చూస్తే ఐనోడ్ల వాడకం 100 శాతం.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ సంగతి చాలామంది లినక్స్ వాడేవాళ్లకు తారసపడకుండానే ఏళ్లు గడిచిపోతాయి. డిస్క్ మీద ఫైళ్లను అమర్చి పెట్టే ఫైల్ సిస్టమ్‌లో ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ ఉంటుంది. ఆ ఫైలు ఎవరిది, ఎంత సైజు, ఎప్పుడు మారింది, డేటా ఏ బ్లాకుల్లో ఉంది అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. నా సర్వర్‌లో ఉన్న ఈఎక్స్‌టీ4 రకం ఫైల్ సిస్టమ్‌లో ఎన్ని ఐనోడ్లుండాలో ఫార్మాట్ చేసేటప్పుడే తేలిపోతుంది. మనం ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే 16 కేబీ చోటుకు ఒకటి చొప్పున వేస్తుంది. నా 100 జీబీ పార్టిషన్‌కు (డిస్క్‌లో విడదీసిన భాగం) ఆ లెక్కన 65 లక్షల పైచిలుకు వచ్చాయి. బొత్తిగా చిన్న ఫైళ్లు లక్షల్లో పోగుపడితే, చోటు మిగిలుండగానే ఐనోడ్లు అయిపోతాయి. గోదాములో ఎంత ఖాళీ ఉన్నా రిజిస్టరులో పేజీలు అయిపోతే కొత్త సరుకు రాసుకోలేం కదా, అలాగన్నమాట. పార్టిషన్‌ను పెద్దది చేస్తే ఐనోడ్లూ పెరుగుతాయి, లేదంటే మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అనే వేరే ఫైల్ సిస్టమ్‌లలో ఈ బాధ లేదు. అవి ఐనోడ్లను అవసరాన్ని బట్టి తయారు చేసుకుంటాయి.

అయితే చోటు లేకపోయినా, ఐనోడ్ లేకపోయినా ఒకటే మాట ఎందుకు చెప్పాలి? గదిలో ఇంకొకరు దీనికి ఓపిగ్గా జవాబిచ్చారు. రెండు సందర్భాల్లోనూ లినక్స్‌కు గుండెకాయ లాంటి కర్నెల్ వెనక్కిచ్చేది 28 అనే ఒక్క ఎర్రర్ నంబరే. ఆ నంబరుకు రాసిపెట్టి ఉన్న వాక్యాన్ని ప్రోగ్రామ్ మనకు చూపిస్తుంది. ఫైళ్లలో మార్పుల్ని కనిపెట్టే ఐనోటిఫై వాచ్‌ల పరిమితి దాటినా ఇదే నంబరు వస్తుందట, అప్పుడు డిస్క్‌కూ దానికీ ఏ సంబంధమూ ఉండదు. చోటు నిజంగానే నిండి, ఏది నింపిందో కనబడకపోతే, తొలగించిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుందేమో చూడాలి. దానికి ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 అనే కమాండ్ పనికొస్తుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం బ్లాకుల్ని రూట్ కోసం అట్టే పెడుతుందని కూడా అప్పుడే చెప్పారు. ఐనోడ్లకు మాత్రం అలాంటి రిజర్వు లేదు. సుడో ఎందుకు పనిచేయలేదో నాకు అక్కడ అర్థమైంది.

డబ్బు తీసుకునే చోట కూడా నాకు ఇంత వివరం దొరకలేదు. ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌కు ఇదివరకు వేరే సమస్య రాస్తే, రీస్టార్ట్ చేసి చూడమని ఒక జవాబు, డిస్క్ పెంచుకోమని ఇంకో జవాబు వచ్చాయి. ఏం జరుగుతోందని ఎవరూ అడగలేదు. ఈ గదిలో ముందు అడుగుతారు. ఏ డిస్ట్రో (లినక్స్ రకం), ఏ వెర్షన్, ఏ కమాండ్, సరిగ్గా ఏం వచ్చింది? ఈ నాలుగూ తేలాకే ఊహించడం మొదలుపెడతారు. నేను వెలకట్టేది ఆ క్రమానికే.

పొడుగాటి అవుట్‌పుట్‌ను గదిలో గుమ్మరించకూడదు. పేస్ట్ సైట్‌లో పెట్టి లింక్ ఇవ్వాలి. సర్వర్‌లో బ్రౌజర్ లేదంటే, కమాండ్ అవుట్‌పుట్‌ను పైప్ చేసి, అంటే నేరుగా ఇంకో కమాండ్‌కు అందించి, నెట్‌క్యాట్ అనే ఆ కమాండ్‌తో టర్మ్‌బిన్ అనే పేస్ట్ సైట్‌కు 9999 పోర్టు మీద పంపమన్నారు. పైప్ కాబట్టి దానికి డిస్క్ మీద ఫైలు అక్కర్లేదు. ఒక్క కొత్త ఫైలూ తయారు కాని సర్వర్ మీద ఆ ఉపాయం ఎంత పనికొచ్చిందో మాటల్లో చెప్పలేను. ఆ లింక్ ఎవరికైనా తెరుచుకుంటుంది కనుక, పాస్‌వర్డ్‌లూ టోకెన్‌లూ లేవని చూసుకున్నాకే పంపాలి.

తర్వాత దోషిని పట్టుకోవడం. ఫోల్డర్లవారీ లెక్క చూపే డీయూ కమాండ్‌కు --ఐనోడ్స్ అని తగిలించి, -ఎక్స్‌తో ఆ పార్టిషన్ దాటకుండా ఆపి, సార్ట్ చేస్తే ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఫైళ్లున్నాయో వరుసగా వచ్చింది. అట్టడుగున ఫొటో ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచుకునే ఫైళ్ల) ఫోల్డర్. ప్రతి ఫొటోకూ రకరకాల సైజుల్లో ప్రివ్యూలు తయారు చేసి, వెర్షన్ మారినప్పుడల్లా మళ్లీ కొత్తగా చేసి, పాతవాటిని అలాగే వదిలేస్తోంది. రెండు మూడు కేబీల ఫైళ్లు, లక్షలకు లక్షలు. ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. పేర్లన్నీ చదివి వరుసలో పెట్టాకే చూపిద్దామనుకుంటుందట, అందుకే -ఎఫ్ పెట్టమన్నారు. ఫైళ్లు తొలగించే ఆర్ఎం పక్కన అన్నీ అని చెప్పే నక్షత్రం పెడితే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" (పేర్ల జాబితా మరీ పొడుగు) అని వస్తుందని, ఫైళ్లు వెతికే ఫైండ్‌కు -డిలీట్ తగిలించమని చెప్పారు.

అయితే ఆ కమాండ్ ఇస్తూనే, ముందు -డిలీట్ లేకుండా నడిపి, వచ్చిన పేర్లు నిజంగా క్యాష్‌వేనా చూసుకోమన్నారు. చూశాను, అవే. తొలగించడానికి చాలాసేపు పట్టింది, అప్పటిదాకా వాళ్లు నాతోపాటే ఉన్నారు. ట్యాబ్ మళ్లీ పనిచేసింది, అప్‌డేట్ పూర్తయింది.

నేను ధన్యవాదాలు చెబితే, మొదట ప్రశ్న అడిగిన మనిషి "ఇది మళ్లీ వస్తుంది, దీన్ని ఊడ్చేవాళ్లెవరు?" అని రాశారు. వేళకు వాటంతటవే పనులు నడిపే టైమర్ల జాబితా తీయించి, ఆ సాఫ్ట్‌వేర్ తరఫున శుభ్రం చేసేదేదీ లేదని నాచేతే చూపించారు. తర్వాత లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో, పాత ఫైళ్లను ఊడ్చే టీఎంపీఫైల్స్‌కు ఒక వరుస రాయించారు. ఫోల్డర్ దారి, హక్కులు, చివర 30 రోజుల గడువు, అంతే. దాన్ని అమలు చేసే టైమర్ సిస్టమ్‌లో ముందే ఉంది, రోజూ నడుస్తుంది. గడువు దాటిన ప్రివ్యూలు పోతాయి, కావాల్సినప్పుడు ఆల్బమ్ మళ్లీ తయారు చేసుకుంటుంది. పని అయిపోయిందనుకున్న మనిషిని ఆపి మూలం దాకా తీసుకెళ్లడం వాళ్లకేం లాభం? ఆ శ్రద్ధకే నేను ఐదుకు ఐదు ఇస్తాను.

మొత్తం సేవకు మాత్రం నాలుగు. ఐఆర్‌సీలో పాత సంభాషణ దానంతటది నిలవదు. కనెక్షన్ తెగిన సమయంలో జవాబొస్తే మనకు కనబడదు. అడిగాక విండో మూయకుండా కూర్చోవాలి, లేదా మన బదులు కనెక్ట్ అయి ఉండే బౌన్సర్ పెట్టుకోవాలి. కొన్ని వేళల్లో గది నిశ్శబ్దంగా ఉంటుంది, అప్పుడు తొందరపెట్టి లాభం లేదు. "ఒకటి అడగొచ్చా?" అని ఆగిపోతే ఎవరూ పలకకపోవచ్చు, నేరుగా అడిగేయాలి. మాట ఇంగ్లిషులో సాగుతుంది కానీ వ్యాకరణం ఎవరికీ పట్టదు. ఖాతా నమోదు చేసుకుని క్లోక్ అనే ముసుగు పెట్టించుకుంటే మీ ఐపీ చిరునామా అందరికీ కనబడదు, మొదటిరోజే ఆ పని చేయండి.

ఎవరు చెప్పినా సరే, అర్థం కాని కమాండ్‌ను రూట్‌గా నడపకండి. ఏం చేస్తుందో అడగండి, దాని మ్యాన్ (మాన్యువల్) పేజీ తెరవండి. ఇలాంటి గదుల్లోకి ఎవరైనా రావచ్చు, సరదాకి నాశనం చేసే కమాండ్ ఇచ్చేవాళ్లూ రావచ్చు. నలుగురు చూస్తున్న చోట తప్పుడు సలహాను ఎవరో ఒకరు పట్టేసుకుంటారు గనక, ప్రైవేట్ సందేశంలో సాయం చేస్తామంటే వద్దనండి.

డిస్క్ టకటకమంటున్నా, చదవడంలోనే ఎర్రర్లు వస్తున్నా ఇక్కడికి రాకండి. వెంటనే మెషీన్ ఆపి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు అప్పగించండి. అలాంటప్పుడు కొట్టే ప్రతి కమాండూ మిగిలినదాన్ని పోగొట్టొచ్చు.