బయానా ఇచ్చాక కారుకు దెబ్బ తగిలితే ఏది మేలు: బాగు చేయించి ఇమ్మనడమా, ధర తగ్గించమనడమా?

సెకండ్ హ్యాండ్ కారు బేరం కుదుర్చుకొని, బయానా ఇచ్చి, మిగతా సొమ్ము సర్దుకొని వెళ్లేసరికి బంపర్ చిట్లి ఉండడమో, తలుపు మీద కొత్తగా సొట్ట పడి ఉండడమో చూసి, ఇప్పుడేం చేయాలని అడిగేవారు నెల్లూరు, ఒంగోలు వైపు తరచూ ఎదురవుతున్నారు. చెన్నై బండ్లతో ఈ చిక్కు మరింత పెద్దది. బేరం అక్కడ కుదురుతుంది. బండి మాత్రం బ్రోకర్ పంపిన డ్రైవర్ చేతిలో తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా సుమారు 175 కిలోమీటర్లు నడిచి నెల్లూరు చేరుతుంది. దారిలో ఏదైనా తగిలితే ఓనర్ బ్రోకర్‌ను, బ్రోకర్ డ్రైవర్‌ను చూపిస్తారు.

ఇలాంటప్పుడు కొనేవారికి ఉన్న దారులు నాలుగు: అమ్మేవారి చేతనే బాగు చేయించుకోవడం, ధర తగ్గించుకొని మనమే బాగు చేయించుకోవడం, అమ్మేవారి ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్ వేయించడం, బేరం రద్దు చేసుకోవడం. వీటిని పోల్చే ముందు నష్టం అసలు ఎవరిదన్నది తేలాలి. బండి ఇంకా అమ్మేవారి ఇంటి ముందే ఉంది కనుక నష్టం కూడా వారిదేనని చాలామంది ధీమాగా ఉంటారు గానీ, 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం అంత సూటిగా చెప్పదు. ఆ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, యాజమాన్యం ఎవరిదో నష్టం వారిది. 20వ సెక్షన్ ప్రకారం, ఫలానా బండి అని నిర్ణయించుకొని, అది అప్పగించడానికి సిద్ధంగా ఉండగా షరతులేవీ లేకుండా బేరం ముగిస్తే, చెల్లింపూ డెలివరీ తర్వాతికి వాయిదా పడినా యాజమాన్యం బేరం ముగిసిన క్షణమే మారినట్టు లెక్క. ఇద్దరి ఉద్దేశం వేరని చూపగలిగితేనే ఈ లెక్క మారుతుంది. అందుచేత బయానా రశీదులో ‘డెలివరీ ఇచ్చేదాకా బండికి ఏ నష్టం జరిగినా బాధ్యత అమ్మేవారిదే’ అని ఒక వాక్యం రాయించుకోవాలి. రశీదు లేకపోతే ఆ మాటను వాట్సాప్‌లో పంపి, సరేనని జవాబు తెప్పించుకున్నా ఎంతో నయం.

అమ్మేవారు తామే బాగు చేయించి ఇస్తామనడం వినడానికి బాగుంటుంది. మనకు తిరుగుడు ఉండదు, చేతి డబ్బు పడదు. చట్టపరంగా కూడా ఇందులో ఒక సదుపాయం ఉంది: బండిని అప్పగించే స్థితికి తేవడానికి అమ్మేవారు ఏదైనా చేయవలసి ఉంటే, ఆ పని పూర్తయి, కొనేవారికి తెలిసేదాకా యాజమాన్యం మారదని అదే చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి యాజమాన్యం అప్పటికే మనకు మారి ఉండకపోతే, బండి షెడ్డులో ఉండగా మరో దెబ్బ తగిలినా అది మన నెత్తిన పడదు.

అయినా ఈ దారి నాకు నచ్చదు. కారణం ఒక్కటే. దెబ్బ కళ్లెదుట ఉన్నంతసేపు అది ఎంత లోపలికి వెళ్లిందో చూడవచ్చు. రంగు పడ్డాక ఆ అవకాశం పోతుంది. పైగా ఏ షెడ్డుకు పంపాలో, ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించేది ఆ బండిని ఇక ఎన్నడూ నడపబోని మనిషి. సొట్టను వెనుక నుంచి తట్టి రేకును మట్టానికి తేవడం నేర్పు, ఓపిక కావలసిన పని. లప్పం దట్టంగా మెత్తి, ఎమరీ కాగితంతో రుద్ది రంగు కొట్టడం అంతకన్నా చాలా తేలిక, చాలా చవక. డెలివరీ రోజున రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా మన వాతావరణంలో బయటపడుతుంది. మైపాడు, కొత్తపట్నం వంటి ఊళ్లలోనూ రొయ్యల చెరువుల గట్ల మీదా తిరిగే బండికి ఉప్పుగాలి తప్పదు. ప్రైమర్ సరిగా పడని రేకు లప్పం కింద తుప్పు పట్టి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు గడిచేసరికి పైన రంగు బుడగలుగా లేవవచ్చు. అప్పటికి అమ్మిన మనిషి ఫోన్ ఎత్తుతాడని నమ్మకం లేదు. పని చెన్నైలో జరిగి ఉంటే, షెడ్డువాళ్లు ఇచ్చిన గ్యారంటీ కోసం అంత దూరం ఎవరు తిరుగుతారు?

ఇప్పటికే బాగు చేసేసి ఉంటే తీసుకొనే ముందు కొంత పరీక్ష చేయవచ్చు. ఉదయపు ఏటవాలు ఎండలో తలుపు పక్కనే నిలబడి రేకు పొడవునా చూస్తే అలలు, రంగు తేడా తెలుస్తాయి. ఫెండర్ (ముందు చక్రం పైని రేకు) బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటే అది ఒకసారి ఊడిందని అర్థం. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను గోటితో ఎత్తి చూస్తే, దాని అంచున కొత్త రంగు తుంపరలు కనిపించవచ్చు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఇనుప రేకు మీద ఒకచోట గట్టిగా, మరోచోట నీరసంగా పట్టుకుంటే మధ్యలో లప్పం మందంగా ఉన్నట్టే.

కాబట్టి నా మొగ్గు ధర తగ్గించుకోవడం వైపే, అయితే ఎంత తగ్గించాలో కంటిచూపుతో తేల్చకూడదు. బంపర్ మీద చిన్న గీత కనిపించినా, దాని వెనుక హెడ్‌లైట్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాళ్లు విరిగి ఉండవచ్చు, ఏసీ కండెన్సర్ వంగి ఉండవచ్చు, రేడియేటర్‌ను మోసే చట్రం పక్కకు జరిగి ఉండవచ్చు. బంపర్ ఊడదీసి ఇద్దరి ఎదుట చూపించడం మేలు. అమ్మేవారు ఒప్పుకోకపోతే కనీసం లిఫ్ట్ మీదికి ఎక్కించి కింది నుంచి చూడాలి. చక్రం వైపు దెబ్బ తగిలితే వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు తీయించడం తప్పనిసరి, ఎందుకంటే సస్పెన్షన్ వంగినది కంటికి కనబడకపోయినా కొలతల్లో పట్టుబడే అవకాశం ఎక్కువ. ముందు భాగానికి గట్టి దెబ్బ అయితే ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కాసేపటికి ఆరిపోతోందో లేదో గమనించాలి. అసలు వెలగకపోయినా అనుమానించవలసిందే.

ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒక ఎస్టిమేట్, నెల్లూరు ఆటోనగర్ వంటి చోట తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గర మరొకటి తీసుకోవాలి. అమ్మేవారు తక్కువగా ఉండే రెండోదాన్నే పట్టుకుంటారు, కానీ తగ్గింపు మొదటిదాని ప్రకారం అడగడమే న్యాయమని నా అభిప్రాయం. విప్పాక కొత్తగా బయటపడే ఖర్చు ఇకపై మనదే కనుక, రెండు ఎస్టిమేట్ల మధ్య తేడా మనకు లాభం కాదు, ఆ ఖర్చుకు పూచీ. తగ్గించిన మొత్తాన్నీ, ఏ దెబ్బ కోసమో కూడా, ఫోటోలతో సహా రాసిపెట్టుకోవాలి. ఈ దారిలో లోటు లేకపోలేదు: డబ్బు ముందు మన చేతి నుంచి పడుతుంది, బండి కొన్నాళ్లు షెడ్డులోనే ఉంటుంది.

ఇన్సూరెన్స్ దారి కాగితం మీద చక్కగా ఉంటుంది, ఆచరణలో అమ్మేవారు ఇష్టపడరు. క్లెయిమ్ లేని ఏళ్లకు సొంత బండి నష్టపు ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, ఓనర్‌ది. తర్వాతి కారుకు వాడుకోవాలనుకునేవారు మన కోసం దాన్ని వదులుకోరు. పైగా జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని సదుపాయం) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, అయిదేళ్లు దాటి పదేళ్లలోపున్న బండి ఇనుప భాగాలకు 40 శాతం కోత పడుతుంది, 1500 సీసీ లోపు కారుకు మరో 1,000 రూపాయలు ఎలాగూ చేతి నుంచే పెట్టుకోవాలి. బంపర్ ధర 8,000 రూపాయలు అనుకుంటే, దాని మీద కంపెనీ ఇచ్చేది 3,000 మాత్రమే. దెబ్బ పెద్దదై, పాలసీ అమలులో ఉంటే మాత్రం ఇదే మెరుగు, కాకపోతే ఆర్‌సీలో పేరు మారకముందే క్లెయిమ్ ముగియాలి. పేరు మారాక పాలసీ బదిలీకి 14 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి గానీ, పాత దెబ్బను మన పేరు మీద క్లెయిమ్ చేయడం మోసం కిందికి వస్తుంది.

ఛాసిస్ (బండి అడుగు చట్రం) వంగినా, లోపలికి వరద నీరు వెళ్లినా బేరసారాలు అనవసరం, రద్దు చేసుకోవాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు చెన్నై మునిగిన సంగతి తెలిసిందే కనుక, అక్కడి బండ్లలో సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడడం మంచిది. బయానా తిరిగి ఇవ్వనంటే, అమ్మినవారు డీలర్ అయిన పక్షంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. కొనేవారు నివసించే చోటే ఫిర్యాదు వేసే వీలు ఆ చట్టంలో ఉంది కాబట్టి, చెన్నై డీలర్ మీద కూడా నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సొంత కారు అమ్ముకునే వ్యక్తి మీద ఈ చట్టం పనికిరాదు. లాయర్ నోటీసు, సివిల్ కోర్టు తప్ప మార్గం లేదు.